గట్టెమ్మట దగ్గరి దారి

కోనసీమలో దారి అడిగితే వచ్చే జవాబు ఒకటే... ‘ఆయ్, ఇలా గట్టెమ్మట తిన్నగా వెళ్లిపోండి’. ఒకప్పుడు ఆ మాట టీకొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన చెప్పేవాడు. ఇప్పుడు కారులో ఉన్న ఫోను చెబుతోంది. తేడా ఏమిటంటే, పెద్దాయన ముందు బండి వంక చూసేవాడు. ఎంత పెద్దదో చూసి, ‘ఈ బండి అటు పట్టదండీ’ అనేవాడు. ఫోను అలా చూడదు.

ఉదయం ఏడున్నర. ఒక పక్క నిండుగా పారుతున్న కాలువ. ఇంకో పక్క కొబ్బరిచెట్లు, వాటి వెనక పెంకుటిల్లు, ఇంటిముందు అప్పుడే పెట్టిన ముగ్గు. మధ్యలో, రెండు బళ్లు తప్పుకోవాలంటే ఒకటి ఆగి తీరాల్సినంత సన్నటి తారురోడ్డు. ఆ రోడ్డు మీదే ఇటునుంచి ఇంజినీరింగ్ కాలేజీ బస్సు, అటునుంచి కొబ్బరికాయల వ్యాను. బస్సుకు వెనక షేర్ ఆటో, దాని వెనక మోటారు సైకిలు మీద బడికి వెళ్తున్న మాస్టారు, ఆ వెనక తెలంగాణ నంబరు ప్లేటున్న కారు. ఆటో డ్రైవరు దిగి ‘రా... రా... ఇంకాస్త...’ అంటూ బస్సు డ్రైవరుకు చెయ్యూపుతుంటాడు. వెనక చక్రం గట్టు అంచున గడ్డిని నొక్కుతుంది. కాలువ వైపు సీట్లలో కూర్చున్న పిల్లలు కిటికీలోంచి కిందకి చూస్తారు... అక్కడ రోడ్డు కనిపించదు, నీళ్లే. రోజూ చూసేదే కాబట్టి ఎవరూ అరవరు. కారులో వాళ్లు మాత్రం అద్దాలు దించి, ‘ఇదేం రోడ్డండీ బాబూ’ అంటారు.

ఆ మాటకు జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పడవలకోసం పోసిన మట్టి

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. కాటన్ దొర పుణ్యమా అని గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఉన్న ఈ ముక్కోణపు నేలకు కాలువలొచ్చాయి. ఆ కాలువలు పొలాలకు నీళ్లే కాదు, ఊళ్లకు దారులు కూడా. ధాన్యం, కొబ్బరికాయలు, ఇటుక, కలప, పెళ్లివారు... అన్నీ పడవల మీదే. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి పడవను లాగేవారు. నీటి మట్టం మారే చోట పడవలను ఎక్కించి దించడానికి లాకులు కట్టారు. ఇప్పటికీ చాలాచోట్ల బస్సు స్టాపు పేరు ‘లాకులు’. అక్కడ ఆగే పడవలు మాత్రం లేవు.

కాలువ తవ్వినప్పుడు తీసిన మట్టిని పక్కనే పోశారు. అదే గట్టు. చుట్టూ వరి చేలు, వానాకాలంలో మోకాలిలోతు నీళ్లు. నాలుగు కాలాలూ పొడిగా ఉండే ఎత్తయిన నేల ఏదైనా ఉందీ అంటే అది గట్టే. అందుకని నడిచే మనిషి గట్టెక్కాడు. తర్వాత ఎడ్లబండి ఎక్కింది, సైకిలు ఎక్కింది, కంకర పడింది, తారు పడింది, బస్సు ఎక్కింది. ఎవరూ గీతగీసి వేసిన రోడ్డు కాదది. పడవ లాగే మనిషి అడుగులకు చాలినంత వెడల్పు మీద ఆ తర్వాత వచ్చినవన్నీ సర్దుకున్నాయి.

ఇక్కడే ఉంది కీలకం. మామూలు ఊళ్లో రోడ్డు చాలకపోతే రెండు పక్కలా చెరో నాలుగడుగులు తీసుకుంటారు. గట్టు మీద ఆ వీలు లేదు. ఒక పక్క కాలువ... దాన్ని తగ్గిస్తే చివరి భూములకు నీళ్లందవు. ఇంకో పక్క ఇళ్లు, తోటలు, గట్టు కింద బోదెలు. కొబ్బరిచెట్టు కొట్టాలంటే ఇంటి మనిషిని పంపినంత బాధ. పైగా గట్టు ఇరిగేషన్ శాఖది, దాని మీద తారు ఆర్ అండ్ బీ వారిదో పంచాయతీరాజ్ వారిదో. అంచు జారిపోతే ఎవరు కట్టాలన్నది తేలేసరికి ఒక సార్వా, ఒక దాళ్వా గడిచిపోతాయి. ‘కాలువలోకి దూసుకెళ్లిన కారు’ అన్న వార్త జిల్లా పేజీలో ఏటా ఎందుకు కనిపిస్తుందో ఇక వేరే చెప్పక్కర్లేదు. జనవరి మంచులో, రాత్రిపూట, కొత్త డ్రైవరుకు ఏది రోడ్డో ఏది నీళ్లో తెలియని మలుపులు ఇక్కడ కొల్లలు. ఊరివాళ్లకు ఆ మలుపు దగ్గర పాత నేరేడుచెట్టు గుర్తు. పైవాళ్లకు ఏ గుర్తూ లేదు.

దారి ఆగిపోయే చోటు

కోన అంటే మూల. పేరుకు తగ్గట్టే చాలాకాలం ఇది మూలనే ఉండేది. మూడు వైపులా నీళ్లు... తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, దక్షిణాన సముద్రం. మధ్యలో వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ, రాజోలు సీమను అమలాపురం నుంచి విడదీస్తూ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. కోనసీమలోకి వచ్చినవాడు పని చూసుకుని వచ్చినదారినే పోవాలి. లేదా రేవుకెళ్లి పంటి ఎక్కాలి.

ఎదుర్లంక రేవు ఆ తరం వాళ్లకు బాగా గుర్తు. అవతలి ఒడ్డున యానాం కనిపిస్తూనే ఉంటుంది. బస్సులు, లారీలు, పెళ్లికార్లు వరసలో నిలబడతాయి. పంటి రావాలి, బళ్లు దిగాలి, ఎక్కాలి, అది కదలాలి. పోటూపాటూ చూసుకోవాలి. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన మనిషి కారులో ఉంటే ఆ నిరీక్షణ ఎలా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు. పంటి వద్దనుకుంటే రావులపాలెం దాకా ఎగబాకి, గౌతమి దాటి, మళ్లీ దిగువకు రావాలి. కళ్లెదుట కనిపించే ఊరికి పదుల కిలోమీటర్ల చుట్టు.

ఆ ఎదుర్లంకలోనే పుట్టిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. యానాం-ఎదుర్లంక వారధి ఆయన పట్టుబట్టి తెచ్చినదని కోనసీమ చెప్పుకుంటుంది. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో ఆయన కన్నుమూశారు. అదే ఏడాది వారధి మీద బళ్లు తిరిగాయి. వారధికి ఆయన పేరే పెట్టారు. ఇటు వైనతేయ మీద బోడసకుర్రు-పాశర్లపూడి వంతెన, వశిష్ఠ మీద దిండి-చించినాడ వంతెన కూడా అందుబాటులోకి వచ్చాక, కాకినాడలో బయల్దేరినవాడు ఎక్కడా పంటి ఎక్కకుండా మూడు పాయలూ దాటి పాలకొల్లు చేరిపోగలిగాడు. కోనసీమకు అది పండగే. కాకినాడలో చదువుకునే పిల్లలు సాయంత్రానికి ఇంటికొచ్చారు. రొయ్యలు, కొబ్బరి, అరటి గెలలు ఎటు ధర ఉంటే అటు వెళ్లాయి. (యానాంలో ఇంకొన్ని సరుకులు చవక కాబట్టి కొందరి సాయంత్రపు ప్రయాణాలూ పెరిగాయి. ఆ సంగతి ఇక్కడ వద్దు.)

అయితే, వంతెనకు రెండు చివరలుంటాయి. మనం వెళ్లడానికి వేసుకున్న దారినే ఎవరైనా రావచ్చు, మనతో పనేమీ లేకుండా దాటిపోవచ్చు కూడా. మూలన ఉన్న ఇల్లు ఒక్కసారిగా వీధికి అడ్డంగా తెరిచిన నడవా అయింది.

అందరికీ అడ్డదారి

వంతెనలను కలుపుతూ పోయే రోడ్డు అప్పట్లో 214వ నంబరు జాతీయ రహదారి. తర్వాత నంబర్లు మార్చినప్పుడు 216 అయింది. కత్తిపూడి దగ్గర పెద్ద హైవే నుంచి విడిపోయి కాకినాడ, యానాం, ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దగ్గర మళ్లీ అదే హైవేలో కలుస్తుంది. సుమారు 390 కిలోమీటర్లు. మ్యాపులో చూస్తే విల్లుకు కట్టిన నారిలా ఉంటుంది. విశాఖ వైపు నుంచి నెల్లూరు, చెన్నై వైపు పోయే లారీ డ్రైవరుకు విజయవాడ రద్దీ ఇష్టం లేకపోతే కత్తిపూడిలో ఎడమకు తిరుగుతాడు. అతనికి అమలాపురంలో చుట్టం లేడు, అంబాజీపేటలో బేరం లేదు. దాటిపోవడమే పని.

ఇక ఇంటి బళ్లు ఎలాగూ ఉన్నాయి. తాటిపాకలో ఓఎన్‌జీసీ శుద్ధి కర్మాగారం, దాని ట్యాంకర్లు. గోదావరి ర్యాంపుల నుంచి ఇసుక లారీలు. అంబాజీపేట నుంచి కొబ్బరి, రావులపాలెం యార్డుకు అరటి గెలలు, చెరువుల నుంచి రొయ్యలు, వాటి వెంట ఐసు. 2022 ఏప్రిల్లో అమలాపురం జిల్లా కేంద్రమయ్యాక, కాగితం పనులకు కాకినాడ వెళ్లే జనమంతా ఇటు తిరిగారు. నల్లవంతెన, ఎర్రవంతెన, గడియార స్తంభం, ముమ్మిడివరం గేటు... పట్టణంలో ఈ పేర్లు తెలియని మనిషి ఉండడు. పది గంటల వేళ ఆ వంతెనల మీద ఇరుక్కోని బండీ ఉండదు. పట్టణం కాలువల మధ్య ఉంది. కాలువ దాటాలంటే వంతెనే గతి. ఎన్ని వీధులున్నా అన్నీ చివరికి ఆ రెండు మూడు వంతెనల దగ్గరికే వచ్చి చేరతాయి.

నీళ్ల ఊళ్ల రోడ్లకూ మెట్ట ఊళ్ల రోడ్లకూ ఇదే తేడా. మెట్టలో ఒక దారి మూసేస్తే పక్క వీధిలోంచి వెళ్లొచ్చు. ఇక్కడ పక్క వీధి అంటే పక్క వంతెన, అది ఎంత దూరంలో ఉంటే అంత దూరం. అమలాపురం నుంచి రాజోలు వెళ్లడానికి వైనతేయను రెండు చోట్ల దాటొచ్చు. ఒకటి హైవే మీద బోడసకుర్రు. రెండోది పి.గన్నవరం దగ్గర అక్విడెక్టు. 1850ల్లో ఇంగ్లీషు ఇంజినీరు హేగ్ కట్టించిన పాత అక్విడెక్టు 49 ఖానాలతో నది మీదుగా కాలువను దాటించింది. దాని పక్కన కట్టిన కొత్తదానికి ఆకలన్నవారికి లేదనకుండా అన్నం పెట్టిన లంకల గన్నవరం తల్లి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. నదిని కాలువా, రోడ్డూ కలిసి దాటే చోటు అది. హైవే వంతెన మీద లారీ ఆగిపోయిన రోజున అటు వెళ్లాల్సిన బళ్లన్నీ గన్నవరం వైపు తిరుగుతాయి. గన్నవరం వైపు తిరిగాయంటే, దారిలో ప్రతి గట్టు మీదకీ ఎక్కినట్టే.

సంక్రాంతి నాలుగు రోజులు

దీన్ని కళ్లారా చూడాలంటే భోగి ముందురోజు రావులపాలెం వచ్చి నిలబడాలి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి రాత్రంతా నడిపిన కార్లు పెద్ద హైవే దిగి కొత్తపేట రోడ్డెక్కుతాయి. అమలాపురం అక్కడికి ముప్పై పైచిలుకు కిలోమీటర్లే. ఆ రోజు మాత్రం ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. కొత్తపేట సెంటర్లో ఇరుక్కున్న పది నిమిషాలకు ఫోను కొత్త గీత చూపిస్తుంది... ‘ఎనిమిది నిమిషాలు ఆదా’. ముందు కారు ఎడమకు తిరుగుతుంది. దాని వెనక ఇంకో ఇరవై.

తిరిగింది ఎక్కడికి? గట్టు మీదకి. పోనీ పుంత రోడ్డు మీదకి. ఆ రోడ్డు మీద అప్పుడే కోసి నూర్చిన ధాన్యం ఆరబోసి ఉంటుంది... కళ్లాలు తక్కువ, తారురోడ్డు పొడి నేల, ఎండ బాగా తగులుతుంది. సగం రోడ్డు ధాన్యం, మిగతా సగంలో మనుషులు. ఆ పక్కనే కోడిపందేల బరికి వెళ్లే మోటారు సైకిళ్లు. ఎదురుగా ఇలాగే ఎనిమిది నిమిషాలు ఆదా చేసుకుంటున్న మరో ఇరవై కార్లు. వెనక్కి తిప్పుకోవడానికి చోటు లేదు. అప్పుడు మళ్లీ ఊరి కుర్రాళ్లే దిగి, ఒక్కో కారునీ ఇళ్ల ముంగిళ్లలోకి ఎక్కించి దారి చేస్తారు. ముగ్గు తొక్కారని ఇంటావిడ అనబోయి, ‘మంచినీళ్లు తాగుతారా అండీ’ అని అడుగుతుంది. గోదావరి మర్యాద అలాంటిది. కానీ ఆ మర్యాద పండగ నాలుగు రోజులకు సరే. మిగతా మూడువందల అరవై రోజులూ?

ఊళ్లు తమకు తెలిసిన వైద్యం తాము చేసుకుంటున్నాయి. బడి ముందు మట్టి పోసి స్పీడు బ్రేకరు వేస్తారు. మలుపు దగ్గర కొబ్బరి దుంగ పడేస్తారు. పాతబడిన వంతెనకు అడ్డంగా, పెద్ద లారీ దూరకుండా ఇనుప చట్రం పాతడమూ ఉంది. దుంగ తప్పే. రాత్రి మోటారు సైకిలు మీద వచ్చే సొంతూరి కుర్రాడే దాని మీద పడతాడు. కానీ దుంగ వేసినవాళ్లను తిట్టే ముందు, సాయంత్రం నాలుగున్నరకు బడి వదిలిన పిల్లలు సైకిళ్ల మీద ఆ గట్టెమ్మట వెళ్లే వరస చూడాలి. ఒక పక్క లారీ. ఒక పక్క కాలువ. కాలిబాటకు చోటెక్కడుంది?

ఈ చిక్కు ఒక్క కోనసీమది కాదు. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే న్యూజెర్సీలో లియోనియా అని చిన్న ఊరు. న్యూయార్కుకు దాటించే జార్జి వాషింగ్టన్ వంతెన దానికి దగ్గర్లోనే ఉంది. వంతెన దగ్గర బళ్లు నిలిచిపోయినప్పుడల్లా ఫోన్లు ఈ ఊరి వీధులు చూపించడం మొదలెట్టాయి. ఇంట్లోంచి కారు బయటకు తీయలేని పరిస్థితి వచ్చింది. 2018 జనవరిలో ఊరి పాలకమండలి దాదాపు 60 వీధులను రద్దీ వేళల్లో బయటివారి బళ్లకు మూసేసింది. గొడవ కోర్టు దాకా వెళ్లింది. ‘ప్రజల డబ్బుతో వేసిన రోడ్డు మీద ఫలానావాళ్లు రాకూడదని ఎలా అంటారు?’ అన్నది అక్కడి వాదన. కోనసీమలో ఎవరూ అంత దూరం వెళ్లలేదు, వెళ్లరు కూడా. చుట్టాలు రావాలి, కొబ్బరి వ్యాపారి రావాలి. కావలసిందల్లా బండి ఏదో, గట్టు ఏదో చూసి చెప్పే ఆ టీకొట్టు పెద్దాయన లాంటి ఏర్పాటు. ఏ గట్టు మీదకు ఎంత బరువు రావచ్చో ఆ మొదట్లోనే, కొత్తవాడికీ కనిపించేలా, రాత్రీ వెలిగేలా ఒక పలక. నీటి వైపు నడుమెత్తు గోడ. దాటిపోయే లారీకి ఊళ్లతో పనిలేని దారి. అడగడానికి పెద్ద కోరికలేమీ కావు.

రైలు మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలొచ్చింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో ఆ పట్టాలు పీకేశారు. 2004లో మళ్లీ వేశారు. అక్కడి నుంచి గౌతమి దాటి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం చేరాల్సిన లైను 2000-01 బడ్జెట్‌లో మంజూరైంది. 2020లు వచ్చినా పని సాగుతూనే ఉంది. పూర్తయితే గట్ల మీద బరువు ఎంతో కొంత దిగుతుంది. అప్పటిదాకా నదిలో లేచిన స్తంభాలను పక్క వంతెనల మీద ఇరుక్కున్న ప్రయాణికులు చూస్తూ కూర్చోవలసిందే.

ప్రభలకు రోడ్డక్కర్లేదు

కనుమ నాడు మాత్రం కోనసీమ రోడ్డును పట్టించుకోదు. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల నుంచి పదకొండు రుద్రుల ప్రభలు బయల్దేరతాయి. వెదురు, రంగు గుడ్డలతో కట్టిన ప్రభను పదుల మంది భుజాన ఎత్తుకుంటారు. కరెంటు తీగలున్న వీధి వాళ్లకు కుదరదు, మలుపుల గట్టూ కుదరదు. వరి చేలకు అడ్డంగా నడుస్తారు. పైరు తొక్కుకుంటూ పోయినా రైతు ఏమనడు, స్వామి నడిచిన చేను బాగా పండుతుందని నమ్మకం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశికను వంతెన లేకుండానే దాటతాయి. మెడలోతు నీళ్లలో మనుషులు, వాళ్ల తలల మీద ప్రభ. వంతెనలు రాకముందు కోనసీమ ఎలా నడిచేదో ఏడాదికోసారి చూపించినట్టు ఉంటుంది. ఒడ్డున నిలబడి చూసేవాళ్ల కార్లు మాత్రం వెనకాల రోడ్డు మీద కిలోమీటర్ల మేర ఆగి ఉంటాయి.

అడ్డదారి చిక్కుతో కొన్ని ఊళ్లు ఇలా అవస్థపడుతుంటే, ఏ దారీ లేక అవస్థపడే ఊళ్లూ ఇక్కడే ఉన్నాయి. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఉడిమూడిలంక, అరిగెలవారిపేట, పెదపూడిలంక జనం ఏళ్ల తరబడి వేసవిలో నదీపాయ మీద మట్టితో తాత్కాలిక బాట వేసుకునేవారు. జులైలో తొలి వరదకు అది కొట్టుకుపోయేది. వంతెన పని మొదలయ్యాక కూడా కొన్ని వరదలు అలాగే గడిచాయి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే సంగతీ అంతే... గోదావరి కాస్త పెరిగితే చాలు, మునిగిపోతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు ఎన్నో రోజులు పడవల మీదే బతికాయి. 1986 చూసిన పెద్దవాళ్లు ‘ఇదెంత’ అన్నారు. కానీ పడవలో గర్భిణిని దింపుకొచ్చే కుటుంబానికి ఏ వరదైనా ఒకటే.

వరద రోజుల్లో తెల్లవారితే ఏ లంక రేవులోనైనా కనిపించే దృశ్యం అదే. పాల క్యాన్లు, కూరగాయల బుట్టలు, రెండు మోటారు సైకిళ్లు, బడి సంచులు తల మీద పెట్టుకున్న పిల్లలు... అంతా ఒకే పడవలో. ఇవతల ఒడ్డుకు చేరాక పిల్లలు బురదలో దిగి, కాళ్లు కడుక్కుని, చెప్పులు వేసుకుని ఏటిగట్టు ఎక్కుతారు. ఆటో కోసం ఓ పక్కగా నిలబడతారు. వాళ్ల ముందు నుంచి దగ్గరి దారి వెతుక్కుంటూ వచ్చిన కార్లు, ఒకదాని వెనక ఒకటి, హారను కొట్టుకుంటూ వెళ్తుంటాయి. పెద్ద పిల్ల చిన్నవాడి చెయ్యి పట్టుకుని నీళ్ల వైపు కాకుండా చెట్ల వైపు జరుపుతుంది.